గరువు చేలో గొర్రెల మంద కట్టించాం: పెట్టిన డబ్బుకి నేలకి ఏం మిగిలింది?

విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గర మా గరువు భూమిలో, అంటే వాన మీదే ఆధారపడ్డ మెట్ట నేలలో, కొన్నేళ్ళుగా వేసవిలో గొర్రెల మంద కట్టిస్తున్నాం: పెంటికలు, ఉచ్చ ఎరువుగా పడేలా రాత్రిళ్ళు గొర్రెల్ని చేలో పడుకోబెట్టించడం. మంద కట్టించని ఏడు ట్రాక్టరుతో పశువుల గెత్తం (పేడ ఎరువు) తోలిస్తున్నాం. మధ్యలో ఒక ఏడాది షాపులో సేంద్రియ ఎరువు బస్తాలు కూడా కొని చూశాం. "మంద లాభమా, గెత్తం లాభమా, అసలివన్నీ ఎందుకు, ఒక బస్తా యూరియా చల్లేస్తే పోదా" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ముఖ్యంగా ఊళ్ళో రెండు మూడెకరాలు ఉండి విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ ఫోన్ మీదే వ్యవసాయం చేయిస్తున్నవాళ్ళు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. రేటింగ్ ముందే ఇచ్చేస్తా: మంద కట్టించడానికి ఐదుకి నాలుగున్నర, బాగా మాగిన పశువుల గెత్తానికి నాలుగు, మేం కొన్న బస్తాలకి ఒకటి. ఆ నాలుగున్నర మొదటి పంట చూసి ఇచ్చింది కాదు, అప్పుడే అడిగుంటే మూడు ఇచ్చేవాడిని.

ముందు నేల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాదంతా అర్థం కాదు. మాది ఎర్ర నేల, ఇసుక పాలు ఎక్కువ, బోరు లేదు, వాన పడితేనే పంట. వేరుశనగ, నువ్వులు, చోళ్ళు, ఒక్కో ఏడాది గోగు, ఆఖర్న తేమ మిగిలితే ఉలవలు చల్లుతాం. ఈ రకం నేల ఉన్నవాళ్ళకి తెలుసు, గట్టి వాన ఒకటి కురిసి వెంటనే ఎండ కాసిందంటే పైన అప్పడంలా పొర కట్టేస్తుంది, కింద మొలక బయటికి రాలేక మెడ వంచుకుని ఉండిపోతుంది. ఆగస్టులో రెండు వారాలు బెట్ట వస్తే చాలు, మధ్యాహ్నానికి ఆకులన్నీ ముడుచుకుపోతాయి. మేం మొదలుపెట్టినప్పుడు భూసార కార్డులో సేంద్రియ కర్బనం, అంటే పేడ, ఆకు, వేళ్ళు లాంటివి కుళ్ళి మట్టిలో మిగిల్చే కర్బనం, 0.32 శాతం వచ్చింది. 0.5 కన్నా కింద ఉంటే తక్కువ అంటారు, 0.75 దాటితే ఎక్కువ అంటారు, అంటే మాది బాగా అడుగునే ఉంది. నత్రజని కూడా తక్కువే, దానికి హద్దు హెక్టారుకి 280 కిలోలు, మాది అంతకన్నా చాలా దిగువన.

ఇందులో మిస్టరీ ఏమీ లేదు. మా తాతగారి రోజుల్లో సాలలో ఎడ్లు, ఆవులు, గేదెలు ఉండేవి, ఉగాది దాటాక నాటుబండ్ల మీద గెత్తం చేలకి వెళ్ళేది. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చింది, దాంతో గెత్తం ఆగింది. ఆ తర్వాత చేనుకి వెళ్ళినవి డీఏపీ, యూరియా బస్తాలే. చెత్తాచెదారం కూడా వెనక్కి వెళ్ళలేదు, గోగు కట్టెలు పొయ్యిలోకి, వేరుశనగ తీగ పశువులున్నవాళ్ళ ఇంటికి. తీసుకోవడమే తప్ప ఇవ్వడం లేదు, అదీ ఎండకి ఏదైనా ఇట్టే కాలిపోయే మా నేలలో.

ఇక మంద. మా వైపు సంక్రాంతి దాటి వరి కోతలు, నూర్పులు అయిపోయాక గొర్రెల కాపరులు మందలతో ఊరూరూ తిరుగుతారు. పగలంతా కోసేసిన మళ్ళల్లో, చెరువు గట్ల మీద, కొండ వారన మేపుకుని రాత్రికి ఎవరు మాట్లాడుకుంటే వాళ్ళ చేలో మందని పడుకోబెడతారు. మాకొచ్చే మందలో నాలుగైదు వందల తలలు ఉంటాయి, రెండు మూడు కుటుంబాలవి కలిపి. రాత్రికి వెయ్యి రూపాయలు, కాపరులకి బియ్యం, పప్పు, వంటచెరకు మనవి. తాగడానికి నీళ్ళు దగ్గర్లో ఉండాలి, ఇది వాళ్ళు మొదట అడిగే మాట. రెండో మాట, చేలో గానీ పక్క చేలో గానీ ఈమధ్య పురుగుమందు కొట్టారా అని. కొట్టి ఉంటే దాచకండి, వాళ్ళకున్న ఆస్తి మొత్తం ఆ గొర్రెలే.

సర్వీసు ఎలా ఉంటుందంటే, మా అనుభవంలో చాలా శ్రద్ధగా. సాయంత్రం మంద దిగగానే పెద్దాయన చేనంతా ఒకసారి నడిచి ఏ మూల నుంచి మొదలుపెట్టాలో చూసుకుంటాడు. వల కట్టి మందని ఒక చెక్కకే, అంటే చేలో ఒక ముక్కకే, పరిమితం చేస్తారు, చిన్న గొర్రెపిల్లల్ని గంపల కింద మూస్తారు, మర్నాడు వల పక్క చెక్కకి జరుగుతుంది. నేను గమనించిన గొప్ప సంగతి ఇంకోటి: అర్ధరాత్రి దాటాక ఒకసారి, తెల్లారబోయే ముందు ఇంకోసారి మందని అదిలించి లేపి రెండడుగులు పక్కకి తోస్తారు. "పడుకున్న చోటే పడుంటే ఒకే దగ్గర కుప్ప పడతాది బాబూ, లేపితే నిలబడి పెంటికలు వేస్తాయి, ఉచ్చ పోస్తాయి, చేనంతా సమానంగా తగలాలి కదా" అన్నాడు ఆ పెద్దాయన. డబ్బులిచ్చే మనిషి ఇంట్లో నిద్రపోతున్నప్పుడు కూడా ఇది చేస్తారా అంటే, పొద్దున్న వెళ్ళి చూస్తే తెలిసిపోతుంది. మంచి మంద పడుకున్న చెక్కలో పెంటికలు ఎక్కడ కాలు పెట్టినా తగులుతాయి. లేపని మంద అయితే నడుమ మందంగా, అంచుల్లో పలచగా ఉంటుంది, పంట వచ్చాక కూడా ఆ తేడా పచ్చగా, పాలిపోయి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

పొద్దున్నే మంద లేచి వెళ్ళగానే ఆ చెక్కలోకి వెళ్ళి వంగి చూడండి. ఎర్ర మట్టి మీద నల్ల పెంటికలు, వాటి మధ్య అరచేయంత అరచేయంత తడి మచ్చలు. ఇంకా ఎండ రాకముందు మట్టి వాసనే ఎక్కువ. తొమ్మిది, పది అయ్యేసరికి ఆ మచ్చల దగ్గర ముక్కు మండే వాసన వస్తుంది. ఆ మండేది అమ్మోనియా, అంటే మీరు డబ్బు పెట్టి కొన్న నత్రజని గాల్లోకి వెళ్ళిపోతోందన్నమాట. మందకీ ట్రాక్టరు గెత్తానికీ అసలైన తేడా ఇక్కడే ఉంది. కుప్ప పెట్టిన గెత్తంలో పశువు ఉచ్చ చాలావరకు సాలలోనే ఇంకిపోయి ఉంటుంది, మనకొచ్చేది పేడ, గడ్డి, బూడిద. మందలో ఉచ్చ నేరుగా మీ నేలలోకి దిగుతుంది. పంటకి త్వరగా అందే నత్రజని ఉచ్చలోనే ఎక్కువ. కానీ దాన్ని అదే రోజు, కుదిరితే పొద్దున్నే, పైపైన ఒక దుక్కి దున్ని మట్టిలో కలిపేస్తేనే దక్కుతుంది. లోతుగా అక్కర్లేదు, గుంటక తోలినా చాలు. మా పక్క చేను వాళ్ళు అదే మందని అంతే డబ్బుకి కట్టించి, ట్రాక్టరు దొరకలేదని వారం పైనే ఎండలో వదిలేశారు. పెంటికలు ఎండి తేలికై గాలికి గట్టు వారకి చేరాయి, ఉచ్చ సంగతి ఎండకే తెలియాలి. ఆ ఏడు వాళ్ళ నువ్వు చేనుకీ మా చేనుకీ పచ్చదనంలోనే తేడా తెలిసింది. అందుకే ఎవరడిగినా మొదట చెప్పేది ఇదే: ముందు ట్రాక్టరు మాట్లాడుకోండి, తర్వాత మంద మాట్లాడుకోండి.

డబ్బు లెక్క కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఇదంతా దండగ అనే నిర్ణయానికి వచ్చేస్తారు. మామూలు పశువుల గెత్తం టన్నులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ ఉంటాయి. వేరుశనగకి ఎకరాకి 4 టన్నులు వెయ్యమంటారు, అంటే 20 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది కూడా అటూ ఇటుగా అంతే, 20.7 కిలోలు, బస్తా ధర రూ. 266.50. నాలుగు టన్నుల గెత్తం తోలించి, జల్లించేసరికి మాకు ఏడు వేల దాకా అయింది, ఎకరాకి వారం లోపు మంద కట్టించినా దాదాపు అంతే. పైగా గెత్తంలో ఉన్న నత్రజనిలో మొదటి పంటకి అందేది మూడో వంతు. భాస్వరం మూడింట రెండొంతుల దాకా, పొటాష్ అంతకన్నా ఎక్కువే అందుతాయి గానీ, రైతు కంటికి కనిపించే పచ్చదనం నత్రజనిది. అందుకే మొదటి ఏడు గెత్తం వేసినవాడికి పెద్ద తేడా కనపడదు, పక్కవాడు యూరియా చల్లి వారంలో పచ్చగా చేసుకుంటాడు.

గొర్రె ఎరువు ఈ విషయంలో మెరుగు. ఎండు లెక్కన అందులో నత్రజని 3 శాతం దాకా, భాస్వరం 1 శాతం, పొటాష్ 2 శాతం ఉంటాయి, అంటే టన్నుకి 30 కిలోల నత్రజని, ఒకటిన్నర బస్తా యూరియా. దానికి తోడు ఉచ్చ. కాబట్టి మంద కట్టిన ఏడే పంట ముదురు పచ్చగా కనిపిస్తుంది. అయినా సరే, నత్రజని కోసమే అయితే మంద కట్టించొద్దు, యూరియా చవక. ఇది కచ్చితంగా చెప్తున్నా, ఎందుకంటే గెత్తం గురించి రాసేవాళ్ళలో చాలామంది ఈ లెక్క చెప్పకుండా దాటేస్తారు. మంద డబ్బు దేనికి పెడుతున్నామంటే యూరియా ఇవ్వలేని వాటికి, అవి ఒక్క ఏడాదిలో కనపడవు.

కర్బనం ఎంత మెల్లగా పెరుగుతుందో మా చేను మీదే లెక్క కట్టి చూశాను. ఎకరా పై పొర, జానెడు లోపు, పదిహేను సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం మట్టిలో నిలబడాలి. నాలుగు టన్నుల గెత్తంలో సగం నీళ్ళే, మిగిలిన సగంలో మట్టి, బూడిద పోగా కర్బనం ఆరేడు వందల కిలోలు ఉంటుంది. ఆ ఆరేడు వందల్లో ఎక్కువ భాగాన్ని మా ఎండకి, తడికి సూక్ష్మజీవులు ఏడాదిలోనే తినేసి గాల్లో కలిపేస్తాయి. నిలిచేది కొద్ది భాగం. అంటే ఒకసారి వేసి కార్డులో అంకె మారాలనుకుంటే జరగదు. అనంతపురంలో వేరుశనగ మీద 1985లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు నడిపిన ప్రయోగంలో తేలింది కూడా ఇదే, అక్కడి ఎర్ర నేలలో ఉన్న కర్బనం పడిపోకుండా ఉండాలంటేనే హెక్టారుకి ఏటా సుమారు 1.1 టన్నుల కర్బనం వెనక్కి ఇస్తూ ఉండాలి. ఎకరాకి 450 కిలోలన్నమాట. పెరగడం తర్వాత మాట, ఉన్నచోట ఉండటానికే అంత కావాలి. అక్కడ బాగా పనిచేసింది ఉత్త ఎరువులూ కాదు, ఉత్త గెత్తమూ కాదు, సగం మోతాదు ఎరువులకి తోడు వేరుశనగ తొక్కు లాంటి సేంద్రియ పదార్థం కలిపిన పద్ధతి. మన జిల్లాలో వాన అనంతపురం కన్నా చాలా ఎక్కువ, పంట దుబ్బు ఎక్కువ వస్తుంది, అది మనకి కలిసొచ్చే విషయం. కానీ ఆ దుబ్బు పొయ్యిలోకీ, మంటలోకీ పోతే ఏం లాభం?

దీనికి రెండో వైపు ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కనిపిస్తుంది. అక్కడ హూస్‌ఫీల్డ్ అనే చేలో 1852లో బార్లీ ప్రయోగం మొదలుపెట్టారు. ఒక చెక్కకి 1852 నుంచి 1871 వరకు ఏటా హెక్టారుకి 35 టన్నుల పశువుల ఎరువు వేసి, తర్వాత పూర్తిగా ఆపేశారు. ఆపేసి వందేళ్ళు దాటాక కూడా ఆ చెక్క మట్టిలో, ఎప్పుడూ ఎరువు వెయ్యని చెక్క కన్నా కర్బనం ఎక్కువ, దిగుబడీ ఎక్కువే. చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ముత్తాత వేసిన గెత్తం మునిమనవడి పంటకి కూడా అందుతోంది! అయితే మన గరువుకి దీన్ని యథాతథంగా తీసుకోకూడదు. అది చలి దేశం, మట్టిలో జిగురు పాలు ఎక్కువ, గెత్తం మోతాదు కూడా మనం కలలో కూడా వెయ్యలేనంత. ఇసుక పాలున్న మా ఎర్ర నేలలో మంద ప్రభావం బాగా తెలిసేది మూడు పంటల వరకు. నాలుగో పంటకి మళ్ళీ పెట్టాల్సిందే.

ఇక మా చేలో నా కళ్ళతో చూసింది. చేను మధ్యలో రాళ్ళు తేలిన చెక్క ఒకటుంది, అక్కడ గొర్రెలు పడుకోవు, వల పాతడానికీ కుదరదు, ట్రాక్టరు గెత్తం కూడా అటు వెళ్ళదు. విత్తనం, ఎరువులు, దుక్కి మాత్రం మిగతా చేనుతో పాటే. కాబట్టి పోలిక కోసం మాకు వేరే ప్రయోగం అక్కర్లేకపోయింది. మొదటి ఏడు మంద కట్టిన చోట చోడి చేను ఎత్తుగా, ముదురు రంగులో ఉంది, ధాన్యం మాత్రం గొప్ప తేడాగా రాలేదు. అప్పుడే అడిగుంటే మూడు మార్కులే అన్నది అందుకే. రెండో ఏడు వేరుశనగ. ఊడలు దిగే సమయానికి బెట్ట వచ్చింది. రాళ్ళ చెక్కలో మొక్కలు పదకొండింటికే ఆకు ముడిచేశాయి, మంద కట్టిన చోట మూడు దాటాక కూడా విప్పారే ఉన్నాయి.

అసలు తేడా పీకేటప్పుడు తెలిసింది. గరువులో వేరుశనగ పీకినవాళ్ళకి ఈ బాధ తెలుసు: నేల గట్టిగా ఉంటే మొక్క చేతికొస్తుంది, కాయలు నేలలోనే ఉండిపోతాయి. తర్వాత ఆడవాళ్ళు గునపాలతో తవ్వి ఏరుకోవాలి, సగం కూలి అక్కడే పోతుంది. మంద కట్టిన చెక్కలో మొక్క పట్టుకుని లాగితే కాయలతో సహా వచ్చింది, వేళ్ళకి పట్టిన మట్టి విదిలిస్తే పొడిపొడిగా రాలిపోయింది. రాళ్ళ చెక్కలో అదే మట్టి పెళ్ళగా వచ్చింది, వేళ్ళతో నలిపితే నలగలేదు. "ఈ చెక్క మీద పని మాకివ్వండి, ఆ చెక్క మీద మీరే పీక్కోండి" అని పీకేవాళ్ళే అన్నారు. దిగుబడి లెక్కల కన్నా నాకు ఆ మాట మీద నమ్మకం ఎక్కువ. ఒక్క సంగతి మాత్రం మర్చిపోవద్దు, కాయ నిండటానికి కావాల్సిన కాల్షియం, గంధకం గెత్తం సరిపడా ఇవ్వదు. పూత సమయంలో ఎకరాకి 200 కిలోల జిప్సం ఎప్పటిలాగే వెయ్యాలి.

మొన్నటి పరీక్షలో సేంద్రియ కర్బనం 0.40 వచ్చింది. ఇన్నేళ్ళ ఖర్చుకి 0.08 ఏంటి అని మా బావ అన్నాడు. పైన చెప్పిన లెక్కన అది ఎకరాకి ఏడు వందల కిలోల పైచిలుకు కర్బనం, నేలలో నిలబడినది. ఇంకా "తక్కువ" లోనే ఉన్నాం, కానీ దిశ మారింది. భాస్వరం మాత్రం బాగా పెరిగింది, గెత్తం పదేపదే వేసిన నేలల్లో అది పేరుకుంటుంది. దాంతో భాస్వరం ఇచ్చే డీఏపీ తగ్గించేశాం, అక్కడ కొంత ఖర్చు తిరిగొచ్చింది. మీరూ మంద కట్టించిన రెండు మూడేళ్ళకి రైతు సేవా కేంద్రంలో మట్టి ఇచ్చి కార్డు తీసుకోండి, పన్నెండు అంశాలు చూసి ఇస్తారు. అది చూడకుండా పాత అలవాటు ప్రకారం డీఏపీ వేస్తూ పోతే డబ్బు నేలలో పూడ్చినట్టే.

ట్రాక్టరు గెత్తం గురించి. మంచిది దొరికితే కర్బనం విషయంలో మంద కన్నా ఇదే మేలు, ఎందుకంటే పరిమాణం ఎక్కువ, గడ్డీ గాదం కలిసి ఉంటాయి. మంద వేగంగా పోషకాలిస్తుంది, గెత్తం మట్టిని మెల్లగా మారుస్తుంది. అందుకే మేం ఒక ఏడు అది, ఒక ఏడు ఇది అని పెట్టుకున్నాం, ఇప్పటికి ఇదే బాగుందనిపిస్తోంది. కానీ గెత్తం కొనడంలో మోసం ఎక్కువ. ఒకాయన దగ్గర లోడు మాట్లాడుకుంటే పైన నల్లగా, కింద సగం ఎర్రమట్టి, మధ్యలో పాలిథిన్ కవర్లు, పగిలిన సీసా పెంకులు. జల్లుతున్న అమ్మాయి కాలికి గుచ్చుకుంది, ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అప్పటి నుంచి కుప్ప దగ్గరికి నేనే వెళ్ళి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి బేరమాడుతున్నా. లోపల వేడిగా ఉంటే ఇంకా మాగలేదని అర్థం. గడ్డి పోచ గుర్తుపట్టేలా ఉంటే ఇంకా కాదు, అలాంటిది చేలో వేస్తే అది కుళ్ళడానికి మట్టిలో ఉన్న నత్రజనినే లాక్కుంటుంది, మొక్క పాలిపోతుంది. మాగిన గెత్తం నల్లగా, చల్లగా, తొలకరి మట్టి వాసన వేస్తుంది. కుప్ప తవ్వినప్పుడు వంకర తిరిగి పడుకున్న తెల్ల పురుగులు కనిపిస్తే ఆ లోడు వేరుశనగ చేనుకి వద్దు, అందులో వేరుపురుగు ఉండొచ్చు, అది చేలోకి చేరితే మొక్కలు వరసగా ఎండిపోతాయి. మాగని గెత్తానికి చెదలు కూడా పడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కొబ్బరి ఉన్నవాళ్ళు తోట పక్కన గెత్తం కుప్ప నెలల తరబడి ఉంచకండి, కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అలాంటి కుప్పల్లో, కుళ్ళిన మానుల్లో. 2018 తిత్లీ తుపానుకి అన్నేసి చెట్లు పోగొట్టుకున్న చోట మిగిలిన చెట్లని ఆ పురుగుకి అప్పగించకూడదు.

కోళ్ళ గెత్తం సంగతి కూడా అడుగుతున్నారు. పోషకాలు బాగా ఉంటాయి, పచ్చిది మాత్రం వేడి చేస్తుంది, మెట్టలో మొలక మాడిపోతుంది. మాగబెట్టి తక్కువ మోతాదులో వాడుకోండి.

బస్తాల మీద ఎక్కువ రాయను. మేం కొన్న బస్తా మీద ఆవు బొమ్మ, పచ్చని చేను బొమ్మ ఉన్నాయి, కర్బనం ఎంత శాతమో రాయలేదు. చారెడు తీసి గాజు గ్లాసులో నీళ్ళు పోసి కలిపితే అడుగున రెండు వేళ్ళ మందం ఇసుక దిగింది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీకంపోస్టు అని అమ్మేదానిలో సేంద్రియ కర్బనం కనీసం 18 శాతం ఉండాలి, బస్తా మీద వివరాలు ముద్రించాలి. లేకపోతే కొనొద్దు. నిజాయితీగా తయారుచేసిన వర్మీకంపోస్టు మంచిదే, కూరగాయల మడికి, మొక్కల నర్సరీకి వాడుకోవచ్చు. ఎకరాల లెక్కన మెట్ట పంటకి ఆ ధర పెట్టలేం.

మందకి ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో చెప్పాలి. మొదటిది కలుపు. గొర్రెలు సర్కారు తుమ్మ కాయలు ఇష్టంగా తింటాయి, గింజలు అరగకుండా పెంటికలతో పాటే మీ చేలో పడతాయి, తొలకరికి మొలుస్తాయి. మొక్క జానెడు ఉండగానే పీకేయాలి, వేరు దిగిందంటే ట్రాక్టరు కూడా పీకలేదు. రెండోది వాలు. మా చేను కొంచెం పల్లానికి ఒరిగి ఉంటుంది, దున్నకముందు వేసవి గాలివాన ఒకటి పడితే పెంటికలన్నీ కింద మడిలోకి కొట్టుకుపోతాయి. దిగువ గట్టు వేసుకున్నాకే మంద దింపండి. నేల తడిగా ఉన్నప్పుడు అస్సలు వద్దు, అన్ని వందల డెక్కలు తొక్కితే గట్టిపడి దుక్కికి ఎదురు తిరుగుతుంది. మూడోది, అన్నింటికన్నా పెద్దది, నమ్మకం. మాట ఇచ్చిన మంద రాకపోవడం మాకు జరిగింది, పక్క ఊళ్ళో ఎవరో ఎక్కువ ఇస్తామంటే అటు వెళ్ళిపోయారు, ఫోన్ ఎత్తలేదు. కోపం వచ్చింది, ఆ ఏడు నేల ఖాళీగా పోయింది. కానీ వాళ్ళ వైపు నుంచి చూస్తే, మేత దొరికే బీళ్ళన్నీ తోటలు, లేఅవుట్లు అయిపోతున్నాయి, చదువుకున్న పిల్లలు మంద వెనక నడవడం లేదు, ఏటా మందలు తగ్గుతున్నాయి. ఉన్న మందకి పది ఊళ్ళ నుంచి పిలుపులు. బేరమాడి వంద తగ్గించుకోవడం కన్నా, నీళ్ళు, బియ్యం సమయానికి అందించి, లెక్క ప్రకారం ఏ రోజు డబ్బు ఆ రోజు చేతిలో పెడితే మరుసటి ఏడు వాళ్ళే ఫోన్ చేస్తారు. ఇప్పుడు మాకు అలాగే చేస్తున్నారు.

ఈ ఏడు కట్టించాలనుకుంటే ఇప్పుడే మాట్లాడుకోండి, సంక్రాంతి లోపు అడ్వాన్సు ఇచ్చేయండి. మార్చి, ఏప్రిల్లో కట్టించి వెంటనే దున్నేసి, తొలకరి వాన ఒకటి పడి నేల చల్లబడ్డాక విత్తుకోండి, మధ్యలో నెల రోజుల పైనే ఉండేలా చూసుకోండి. మూడెకరాలుంటే మూడూ ఒకే ఏడు వద్దు. ఏటా ఒక ఎకరానికి మందంగా కట్టిస్తే ఖర్చు చేతికి అందుతుంది, మూడేళ్ళలో చేనంతా ఒక చుట్టు పూర్తవుతుంది, నాలుగో ఏడు మొదటి ఎకరాకి మళ్ళీ వంతు వస్తుంది.